తాళమున్న ఇళ్లకు ఇంటు మార్కు

ఆ శనివారం పొద్దున అజిత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బయల్దేరి తండాలో ఇళ్లెన్నో లెక్కపెట్టుకోవాలి. తొమ్మిదింటికి ఇంటికొచ్చి జొన్నరొట్టె తినాలి. పదింటికి పెన్ను పట్టుకుంటే సాయంత్రానికి ఐదు పేజీల ఉపోద్ఘాతం తయారవుతుంది. ఇందులో ఇంకొకరి ప్రమేయం లేదు, ఎవరికీ నష్టం లేదు. లోకంలో చాలా ఉపద్రవాలు ఇంత అమాయకంగానే మొదలవుతాయి.

అజిత్ తొర్రూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఆఖరి సెమిస్టరులో ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన ప్రాజెక్టు రాసివ్వాలి. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే హైదరాబాదులో సెంట్రింగు పని. ఈ సంగతి వాళ్ల నాన్న మోతీలాల్ పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు తేల్చి చెప్పాడు. "మూడేండ్లు చదివించిన. నాలుగో ఏడు నాతోని గాదు బిడ్డా. కాగితం వస్తే మంచిదే. రాకుంటే నా ఎంబడి వచ్చి రాడ్లు మొయ్యి" అన్నాడు. మోతీలాల్ పన్నెండేళ్లుగా ఆ ఇనుపరాడ్లు మోస్తున్నవాడు, కొడుకును బెదిరించడానికి ఆ మాట అనలేదు. (ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ. మనకోసం తెలుగులో చెప్పుకుంటున్నాం, నాన్నను పిలిచే 'బా', అమ్మను పిలిచే 'యాడీ' తప్ప.)

ప్రాజెక్టు అంశం 'తండాలో వలసలు'. దాన్ని వెతుక్కోవడానికి అజిత్ ఏమీ కష్టపడలేదు. తలుపు తీస్తే ఎదురింటి తాళం కనిపిస్తుంది, అదే అంశం. కష్టమంతా మొదటి అధ్యాయం దగ్గర వచ్చింది. అప్పటికే ఒకసారి దాన్ని మొదలుపెట్టి అభాసుపాలయ్యాడు.

కాలేజీ ఎదురుగా ఐలేశ్ జిరాక్సు దుకాణం ఉంది. ఏటా వందమంది ప్రాజెక్టులకు అట్టలు వేసేది ఐలేశే. "ఫస్ట్ చాప్టర్ అందరికీ ఒక్కటే ఉంటది తమ్మీ. ఊరి పేరు మార్చుకుంటే అయిపాయె" అని కంప్యూటర్లో ఊరి పేరు మార్చి పది నిమిషాల్లో ఉపోద్ఘాతం చేతిలో పెట్టాడు. అది నాలుగేళ్ల కిందట మహదేవపూర్ వైపు ఊరి మీద ఎవరో రాసుకున్నది. కాబట్టి అజిత్ ఇచ్చిన కాగితాల్లో అతని ఊరు గుట్టకింది తండా గోదావరి ఒడ్డున వెలసింది. తండావాసులు వల వేసి చేపలు పట్టారు. వానాకాలం పిల్లలు పడవ ఎక్కి బడికి పోయారు. ప్రాజెక్టులు చూసే సుభాష్ సార్ అంతా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమయ్యా అజిత్, మీ తండాకు బోరునీళ్లే సక్కగ రావని మొన్ననే అంటివి గద. గోదావరి ఎప్పుడొచ్చింది?"

"టైపింగ్ మిస్టేక్ సార్."

"టైపింగ్ మిస్టేకుతోని నది వస్తే ఇంకేం గావాలె, ఈ జిల్లా అంత బాగుపడుతుండె." సార్ కాగితాలు వెనక్కి తోశారు. "సోమవారం పది గంటలకు కొత్త చాప్టర్ నా టేబుల్ మీద ఉండాలె. నీ కండ్లతోని చూసింది రాయి. మొదటి వాక్యంలనే ఒక లెక్క ఉండాలె. ఆదివారం నేనే మీ తండాకొచ్చి ఆ లెక్క సరిచూస్త. చెప్పిన సమస్య నాకు కనబడలేదనుకో, ఇగ ప్రాజెక్టు లేదు."

అందుకే ఈ శనివారం అజిత్ తెల్లచొక్కా వేసుకుని, పరీక్ష అట్టకు కాగితాలు తగిలించుకుని బయల్దేరాడు. ఒక్క చిక్కు వచ్చింది. తండాలో ఇళ్లు వరుసలో ఉండవు, ఒకరి వాకిట్లోంచి ఇంకొకరి పెరట్లోకి దారి. మొదటిసారి లెక్కిస్తే ఎనభై మూడు తేలాయి, రెండోసారి తొంభై ఒకటి. ఇలా కాదని ఇంటికెళ్లి సుద్దముక్క తెచ్చుకున్నాడు. తన ఇంటి తలుపు మీద 'ఒకటి' వేసి మొదలుపెట్టాడు. మనుషులున్న ఇంటికి అంకె వేశాడు. తాళమున్న ఇంటికి ఇంటు మార్కు పెట్టాడు.

చదువుకున్న బుర్రకు ఇంతకన్నా మంచి పద్ధతి తట్టదు. కాని ఆ తండాలో తలుపు మీద సుద్దగీత ఊరికే పడదు. ఒకప్పుడు ఇంటింటి సర్వే జరిగిన రోజున, ఇంట్లో కళ్లకు కనబడినవాళ్ల పేర్లే రాసుకుంటారని చెప్పారు. జనం ఎక్కడెక్కడి నుంచో బస్సుల నెత్తినెక్కి వచ్చారు. పదకొండు కుటుంబాలు రాలేకపోయాయి. ఆ తర్వాత వాళ్లకు పింఛను రాకపోయినా, గ్యాసు రాకపోయినా, ఆఖరికి ఆడపిల్లకు మంచి సంబంధం రాకపోయినా, ఆనాడు పేరు ఎక్కకపోవడం వల్లేనని తండా మొత్తం నమ్ముతుంది. ఆ నమ్మకం పూర్తిగా తప్పని కూడా చెప్పలేం.

తండా నడుమ చత్రు కిరాణా కొట్టు ఉంది. చత్రు మంచివాడే. తనకు తెలిసిన సంగతి పక్కవాడికి తెలియకుండా ఉంటే అన్నం సహించదు, అంతే. తండా వాట్సాప్ గ్రూపును నడిపేది కూడా ఆయనే. కొట్టు ఎదుట సుద్దముక్కతో నిలబడ్డ అజిత్‌ను పిలిచాడు.

"ఏం రాస్తున్నవ్ రా?"

"ఇండ్ల లెక్క చత్రన్నా. కాలేజీకి."

"కాలేజీకి మన ఇండ్లతోని ఏం పని?"

"ఉపోద్ఘాతం రాయాలె."

చత్రు కళ్లు చిన్నవి చేశాడు. అడిగినదానికి అర్థంకాని మాట చెప్పాడంటే ఏదో దాస్తున్నాడని ఆయన లెక్క. "మరి గా ఇంటు ఏంది?" అన్నాడు.

"తాళమున్న ఇండ్లు. రేపు సారు వచ్చి లెక్క సరిచూసుకుంటడు. రేపటితోని అయిపోవాలె, లేకుంటే నా పని ఖతం" అని అజిత్ తొందరగా ముందుకు పోయాడు. ప్రతి మాటా నిజమే. అందుకే అంత చెడ్డది జరిగింది.

నలభయ్యో ఇంటు పెట్టేసరికి అజిత్‌కు చెయ్యి బరువెక్కింది. ఈ తాళాలన్నీ రోజూ చూసేవే. గోలీలాడిన ఇల్లు, మామిడికాయ దొంగిలించి తన్నులు తిన్న ఇల్లు, పోయిన వేసవిలో కొత్తకోడలు దిగిన ఇల్లు. పత్తి ఏరడం అయిపోగానే ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లారు. కొందరు హైదరాబాదు, కొందరు భూపాలపల్లి అవతల మిరపతోటలు. వెళ్లినట్టు తెలుసు గాని, ఇంతమంది వెళ్లారని లెక్కపెడితే గాని తెలియలేదు. ఎనభై ఏడు ఇళ్లు, యాభై రెండు తాళాలు. ఇంటికొచ్చి, చల్లారిన రొట్టె పక్కన పెట్టుకుని మొదటి వాక్యం రాశాడు. 'గుట్టకింది తండాలోని ఎనభై ఏడు ఇళ్లలో యాభై రెండు ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయి.' బతుకులో అది అతని మొట్టమొదటి సొంత వాక్యం. రెండుసార్లు పైకి చదువుకున్నాడు.

రెండో వాక్యం రాయబోతుండగా ఫోను మోగింది. హైదరాబాదు నుంచి మోతీలాల్.

"నాయినా, లిస్టు నువ్వే రాస్తున్నవట గద! చెప్పనే లేదేందిరా?"

"లిస్టేంది బా?"

"గ్రూపుల ఫొటో వచ్చింది. మీ కేస్లీ అత్త ఇంటికి ఇంటు కొట్టిన్రట. మనింటికి ఏం ఏసినవ్?"

"ఒకటి. కాని బా, అది..."

"ఒకటా!" మోతీలాల్ పక్కవాళ్లందరికీ వినబడేలా అరిచాడు. పన్నెండేళ్లలో ఆయన దేంట్లోనూ ఒకటో నంబరు కాలేదు. "శబాష్ బిడ్డా. ఇగ ఫోన్ల మాట్లాడకు, ఎవలన్న ఇంటరు. అర్థమైంది నాకు."

అజిత్ గబగబా గ్రూపు తెరిచాడు. కేస్లీ అత్త తలుపు, తలుపుకు తాళం, తాళం పైన ఇంటు. కింద చత్రు రాతలు. 'అర్జంట్. మన తండాల సర్వే షురూ అయింది. తాళమున్న ఇండ్లకు ఇంటు కొడుతున్నరు. కొత్త ఇండ్ల లిస్టుకు కావచ్చు. రేపు పెద్దసారు వస్తడు. రేపే ఆఖరు.' దాని కింద నలభై మంది దండాలు పెట్టారు.

'ఇది సర్వే కాదు, నా కాలేజీ పని. ఎవరూ పరేషాన్ కావద్దు' అని అజిత్ రాశాడు. జవాబులు వెంటనే వచ్చాయి. 'వాళ్లింటికి ఒకటో నంబరు ఏసుకుని మనల్ని రావద్దంటుండు.' 'చదువుకున్నోళ్లంతా గింతే.' 'తమ్మీ, జర మాది గూడ చూడు, మీ బాపు నేను ఒక్క కంచంల తిన్నం.'

ఇక మాటలతో కాదనుకుని అజిత్ తడిబట్ట తీసుకుని బయటికి పరుగెత్తాడు. మార్కులు తుడిచేస్తే గొడవే ఉండదు గదా. మూడు ఇళ్లకు తుడిచాడో లేదో, మిరపతోటకు పోయినవాళ్ల తాలూకు ఒక ముసలామె చెయ్యి పట్టుకుంది. "వాళ్లకు తీసేసినవ్. నా కొడుకుకు గూడ తీసెయ్యి నాయినా. సిఫారసు చేసేటోళ్లు మాకెవలున్నరు?" అంది. నాలుగో ఇంటిదగ్గరికి వచ్చేసరికి వెనక పదిమంది. అజిత్ బట్ట ముందుకు పోతే సంతోషం, ఆగితే ఏడుపు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిన పద్ధతిలో, అబ్బాయి చేతిలో బట్ట ఉంటే పేరు ఎక్కినట్టు, సుద్ద ఉంటే పేరు పోయినట్టు సాయంత్రానికి తండాలో ఖాయమైపోయింది. మార్కు తుడిపించుకున్నవాళ్లు మాత్రం తమవాళ్లకు ఫోను చేసి, "తుడిచిండు గాని నమ్మరాదు, మీరొచ్చి మనిషి కనబడాలె" అన్నారు.

"అందరికి సక్కగ చెప్పరాదు రా" అంది అమ్మ మంగ్లీ.

"చెప్తనే ఉన్న యాడీ. ఎవలు ఇంటలేరు."

మంగ్లీ గుమ్మం దాటి తలుపు మీది అంకె చూసొచ్చింది. తర్వాత మెల్లగా, "మనది మాత్రం ఒకటో నంబరే గద?" అని అడిగింది. అజిత్ పరీక్ష అట్టతో నెత్తి కొట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి మొదటి బస్సులో పన్నెండు మంది దిగారు. ఎనిమిదింటికి హైదరాబాదు నుంచి డీసీఎం వ్యాను వచ్చింది. ముప్పై అయిదుగురు, మోతీలాల్ డ్రైవరు పక్క సీట్లో. "నా కొడుకే రాస్తుండు" అని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు కాబట్టి ఆ సీటు ఇచ్చారు. తొమ్మిదింటికి మిరపతోటల నుంచి ట్రాక్టరు ట్రాలీ. రాత్రంతా ప్రయాణం చేసినవాళ్ల కళ్లు, మిరపకాయలు ఏరిన చేతులతో తుడుచుకుని ఎర్రగా వాచి ఉన్నాయి. తాళాలు చప్పుడు చేసుకుంటూ ఊడుతున్నాయి. వాకిళ్లు ఊడ్చారు. పొయ్యిలు రాజుకున్నాయి. ఏడాదికి ఒక్కసారి తీజ్ పండుగకు తప్ప ఇంత మంది కలవరు. పిల్లలు తమ పాత స్నేహితులను చూసి కేకలు వేశారు. పండుగలాగే ఉంది, ఒక్క అజిత్‌కు తప్ప.

పదింటికి అతను చివరి ఇల్లు కూడా చూసొచ్చాడు. తాళం ఒక్కటీ లేదు. అతని సొంత వాక్యం, పుట్టి ఇరవై నాలుగు గంటలు నిండకుండానే అబద్ధమైపోయింది.

ఇంత జనం వచ్చాక పంచాయతీ కార్యదర్శి వసంతకు కబురు వెళ్లకుండా ఉంటుందా? చత్రే ఫోను చేశాడు. ఆమె ఆదివారం తలస్నానం మధ్యలో ఆపి స్కూటీ మీద వచ్చింది. జనాన్ని చూసి మొహం పాలిపోయింది.

"నాకు పైనుంచి ఏ సమాచారం లేదు" అని ప్రకటించింది.

జనం ఒకరినొకరు చూసుకుని తలలూపారు. నిజంగా ఏదైనా జరుగుతున్నప్పుడు మేడం ఎప్పుడూ అనే మాట అదే. వసంత అజిత్‌ను చింతచెట్టు చాటుకు పిలిచింది.

"తమ్మీ, నిజం చెప్పు. ఇది ఏ డిపార్టుమెంటు?"

"ఏ డిపార్టుమెంటు కాదు మేడం. నేను డిగ్రీ ప్రాజెక్టుకు తాళాలు లెక్కపెట్టిన."

"నాకు రోజుకు నూరు మెసేజీలు వస్తయి. ఒకటి చూడకుండ పోయిందంటే రేపు మెమో నా చేతికే ఇస్తరు." ఆమె గొంతు తగ్గించింది. "నీ దగ్గరున్న ఫారం ఒక కాపీ ఇయ్యి. మొన్న గిట్లనే ఏదో సర్వే నాకు తెల్వకుండ అయిపాయె."

అజిత్ ప్రమాణం చేశాడు. ఆమె నమ్మలేదు. పంచాయతీ నుంచి బల్ల, రెండు కుర్చీలు తెప్పించి చింతచెట్టు కింద వేయించి, తన పుస్తకం తెరిచి పెట్టుకు కూర్చుంది. తప్పు ఎవరిదైనా, పైఅధికారి వచ్చేసరికి తాను కుర్చీలో ఉంటే చాలునని ఆమె ఉద్యోగానుభవం. బల్ల పడేసరికి జనానికి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. ఆధార్ జిరాక్సులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, మూడింటికి సుభాష్ సార్ మోటారుసైకిలు మీద వచ్చారు. జనగామ నుంచి ఎండలో వచ్చిన మనిషి. హెల్మెటు తీసేలోపే చత్రు శాలువా కప్పాడు, ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. వసంత లేచి నిలబడి, "నమస్తే సార్, జర ముందుగ చెప్తే ఏర్పాట్లు మంచిగ చేస్తుంటిమి" అంది. సార్ మర్యాదకు కూర్చున్నారు. ఒళ్లో ముప్పై ఆధార్ జిరాక్సులు వచ్చి పడ్డాయి.

"అజిత్! ఏందిది? నీ లెక్క చూపియ్యి."

అజిత్ కాగితం ఇచ్చాడు. సార్ ఆ ఒక్క వాక్యం చదివారు. తలెత్తి చూశారు. ఎదురుగా మూడొందల మంది. ఏ ఇంటి తలుపూ మూసి లేదు. ఎక్కడో కోడికూర ఉడుకుతున్న వాసన.

"యాభై రెండు తాళాలు. యాడ ఉన్నయి? ఒక్కటి చూపియ్యి."

"నిన్న ఉండె సార్."

"మొన్న గోదావరి ఉండె. నిన్న తాళాలు ఉండె." సార్ లేచారు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టారు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. ఈ పిల్లవాడు రాయగలడని ఆయన అనుకున్నారు. "అమ్మా, అయ్యా, నేను ఆఫీసర్ను కాదు. కాలేజీల పాఠాలు చెప్తా. ఈ పిలగాడు పరీక్ష కోసం ఇండ్లు లెక్కపెట్టిండు. ఇండ్లు ఇచ్చే లిస్టు ఏది లేదు. మిమ్ముల ఎవరు రమ్మన్నరో గాని, ఏదీ లేదు."

జిరాక్సులన్నీ జాగ్రత్తగా దొంతరగా పేర్చి బల్ల మీద పెట్టి, అజిత్ వైపు తిరిగి, "రేపు పది గంటలకు" అని మాత్రం అని వెళ్లిపోయారు. వసంత పుస్తకం మూసి, "నేను ముందే చెప్పిన, నాకు సమాచారం లేదని" అంటూ స్కూటీ తీసింది. చత్రు కొట్లో ఏదో పని గుర్తొచ్చి లోపలికి పోయాడు.

మిగిలింది జనం, వాళ్ల ముందు తెల్లచొక్కాలో అజిత్. వాళ్లు కొడతారనే అనుకున్నాడు. కొడితే బాగుండేది కూడా. ఎవరూ కదల్లేదు. మోతీలాల్ మాత్రం డీసీఎం పక్కన నేల మీద కూర్చుండిపోయి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. కొడుకు ముఖం వైపు చూడటం లేదు. రాడ్లు మోయడం ఖాయమని అతనికి అప్పుడే తెలిసిపోయింది. ఆ దిగులు కన్నా, ఇందరి ఆశ తన సుద్దముక్కతో లేచి కూలిందన్న దిగులు ఎక్కువగా ఉంది.

"మరి మా తాళాలు లెక్కపెట్టి ఏం చేస్తవ్ రా?" అని కేస్లీ అత్త అడిగింది. మోతీలాల్ చెల్లెలు. మగడు పోయాక అన్నతో పాటే హైదరాబాదులో ఇసుక జల్లెడ పడుతుంది. ఆదివారం కూడా పని ఉంటే, వద్దన్న మేస్త్రీతో పోట్లాడి వచ్చింది.

ఉపోద్ఘాతంలో 'అధ్యయన ఆవశ్యకత' అని ఒక భాగం ఉంటుంది. ఈ పని ఎందుకు చేస్తున్నారో అందులో చెప్పాలి. అజిత్ ఇంకా అక్కడిదాకా రాలేదు.

"మీరు ఊళ్లె లేరని రాద్దామనుకున్న అత్తా."

"రాస్తే?"

"పుస్తకంల ఉంటది. కాలేజీల పెడతరు."

కేస్లీ చేతిలోని ఆధార్ జిరాక్సు నాలుగు మడతలు పెట్టింది. తర్వాత వసంత ఖాళీ చేసిన కుర్చీని కాలితో అతని వైపు తోసింది.

"కూసో. వచ్చినం గద, రాసుకో. ఇంటి లిస్టు కాకుంటే పాయె. ఏదో ఒక కాయితంల మా పేరు ఉండనియ్యి. కేస్లీ. ఎడ్డివైతివేందిరా, రాయి!"

అజిత్ కూర్చున్నాడు. కేస్లీ, ముప్పై ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లుగా హైదరాబాదు, ఇసుక. తర్వాత మిరపతోటల వాళ్లు వచ్చారు. తర్వాత ఇంకొకరు. ఊరు ఎప్పుడు విడిచారు, ఏం పని, పిల్లలు ఎక్కడ చదివారు, ఎక్కడ మానేశారు. వరుస మళ్లీ కట్టింది. అడగని సంగతులు కూడా చెప్పారు. అక్కడ పడుకునే రేకులషెడ్డు సంగతి, మూడో అంతస్తు మీద నుంచి పడ్డ తమ్ముడి సంగతి, తాళం తుప్పుపట్టి ఈ రోజు రాయితో పగలగొట్టాల్సి వచ్చిన సంగతి. పొద్దు గూకేవేళకు పద్దెనిమిది పేజీలు నిండాయి. ఆఖరున మోతీలాల్ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"మోతీలాల్. పన్నెండేండ్లు. రాడ్లు" అన్నాడు.

"తెలుసు బా."

"తెలిస్తే రాయి."

సోమవారం తెల్లారకముందే డీసీఎం వెళ్లిపోయింది. చోటు చాలనివాళ్లు మొదటి బస్సుకు నడిచారు. అజిత్ తొర్రూరు వెళ్లే ఆటో ఎక్కేటప్పటికి తండా మళ్లీ ఎప్పటిలాగే ఉంది. లెక్కపెట్టే ఓపిక అతనికి లేదు.

పది గంటలకు సుభాష్ సార్ టేబుల్ మీద పద్దెనిమిది పేజీలు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోయేముందు చెప్పాల్సింది చెప్పి పోదామని నోరు తెరిచాడు. సార్ చెయ్యెత్తి ఆపారు.

"పొద్దున జనగామ బస్టాండుల మీ తండావాళ్లు కనబడ్డరు. నెత్తి మీద మూటలు. ఒకామె నన్ను గుర్తుపట్టి దండం పెట్టింది. 'సారూ, మా పేర్లు జర మంచిగ చూసుకోండ్రి' అన్నది." ఆయన కళ్లజోడు తీశారు, ఈసారి తుడవలేదు. "తాళాలు ఎటుపోయినయో అప్పుడు సమజైంది."

పద్దెనిమిది పేజీలూ చదివారు. మధ్యలో ఫోను మోగితే ఎత్తలేదు. చివరి పేజీలో 'మోతీలాల్. పన్నెండేళ్లు. రాడ్లు' దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదివారు.

"ఇన్నేండ్ల సర్వీసుల ఇసొంటి ఉపోద్ఘాతం నేను చదవలే" అన్నారు. అజిత్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాని ఉపోద్ఘాతం ఐదు పేజీలు దాటొద్దు. యూనివర్సిటీ రూలు. మనుషుల పేర్లు రాయొద్దు, అదో రూలు. సర్కారు కాగితంల లేని లెక్క గూడ రాయొద్దు. సమస్య ప్రకటన నాలుగు లైన్లల అయిపోవాలె. ఇట్లనే పంపితే బయటి ఎగ్జామినర్ తిప్పి కొడతడు. నీ ఏడు పోతది, మల్ల నేనేం చెయ్యలేను." ఆయన ఎర్రపెన్ను మూత తీశారు. తీసి చాలాసేపు పట్టుకునే కూర్చున్నారు. "ఏమంటవ్?"

అజిత్ ఆ పెన్నును చూశాడు. ఇసుక జల్లెడ కనబడింది, రాడ్లు కనబడ్డాయి. 'వద్దు సార్, ఇట్లనే పంపండి' అనబోయాడు. ఆ మాట అంటే తాను కూడా ఆ పద్దెనిమిది పేజీల్లో ఒకడవుతాడు. "మీ ఇష్టం సార్" అన్నాడు.

సార్ కొట్టేస్తూ పోయారు. పాపం, ఆయనకు సంతోషంగా ఏమీ లేదు. గంట తర్వాత మిగిలినదాన్ని ఐలేశ్ టైపు చేసి అట్ట వేశాడు. "నేను చెప్పలేదా తమ్మీ, ఫస్ట్ చాప్టర్ అందరికీ ఒక్కటే ఉంటదని" అన్నాడు కాగితాలు సర్దుతూ. సార్ సంతకం చేశారు. అజిత్ ఏడాది మిగిలింది.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులే. ఆ సాయంత్రం హైదరాబాదు నుంచి కేస్లీ అత్త ఫోను చేసింది. వెనక కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్న చప్పుడు, ఆ చప్పుడులో నలుగురైదుగురు 'అడుగు, అడుగు' అంటున్నారు.

"పాసైనవట గద బిడ్డా! మీ బా అందరికి చాయ్ తాపిండు. మరి మా పేర్లు ఎక్కినయా?"

అజిత్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "ఎక్కినయ్ అత్తా."

"నాది ఏ పేజీల ఉంది? ఈడ అందరు అడుగుతుండ్రు."

"మొదటి పేజీలనే."

ఫోనులో కేకలు వినబడ్డాయి. కేస్లీ మొదటి పేజీలో ఉందట, మనమంతా మొదటి పేజీలోనే ఉన్నామట అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అజిత్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని రెండో చేత్తో పుస్తకం తెరిచాడు. అతను అబద్ధం చెప్పలేదు. మొదటి పేజీ, మొదటి వాక్యం. 'తండాలోని కొందరు అప్పుడప్పుడు పని నిమిత్తం ఇతర ప్రాంతాలకు వెళ్తుంటారు.'

ఆ 'కొందరు' దగ్గర బయటి ఎగ్జామినర్ టిక్కు పెట్టి, పక్కన 'క్లుప్తంగా ఉంది' అని రాశాడు.